మూడో పేరు

పుట్టింటి పేరును తిరిగి తెచ్చుకోవడానికి బయలుదేరిన స్త్రీ, పుట్టింట్లో ఎవరూ ఎరుగని పేరు రాయించుకుని ఎందుకు వెళ్ళింది?

ఈ ప్రశ్నను ఐలవ్వ కరీంనగర్‌లో ముగ్గురిని అడిగింది. అఫిడవిట్ టైపు చేసినవాడు తన పని టైపు చేయడమేనన్నాడు. పేరు మార్పు ప్రకటన పంపిన పత్రిక ఏజెంటు తన పని పంపడమేనన్నాడు. కేసు చూస్తున్న సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సంపత్ మాత్రం, ఆడవాళ్ళ మనసు ఎవరికి అంతుపడుతుంది మేడం, అని నవ్వాడు. పోలీసు శాఖలో డీఎస్పీగా పదవీ విరమణ చేసి, ఇప్పుడు సొంతంగా పరిశోధన కార్యాలయం నడుపుకుంటున్న ఐలవ్వకు ఆ నవ్వు కొత్తది కాదు. జవాబు వెతకడానికి బద్ధకించిన మగవాడు ప్రతి ఒక్కడూ ఆ మాటనే అడ్డం పెట్టుకుంటాడని ఆమె ఉద్యోగకాలమంతా చూస్తూనే వచ్చింది.

నాలుగో మనిషి నోటరీ హనుమండ్లు. కోర్టు ఎదుటి సందులో, ఒక బల్ల, మూడు కుర్చీలు పట్టే గది ఆయనది. ఐలవ్వ లోపలికి వచ్చేసరికి ఆయన ముద్ర కొడుతున్నవాడల్లా చేయి గాలిలోనే ఆపాడు. ఆమె వెనుక అరవయ్యేళ్ళ కిష్టవ్వ, మరమగ్గం దగ్గర కండెలు చుట్టి చుట్టి వంకరపోయిన వేళ్ళతో కొంగు పట్టుకుని నిలబడింది.

"ఈమె నవత తల్లి," అన్నది ఐలవ్వ. "మీ ముందట కూసొని పేరు మార్చుకొని పోయిందని మీరు చెప్తున్న మనిషిని కన్నది ఈమెనే. కూసో కిష్టవ్వా."

జరిగింది క్లుప్తంగా ఇది. నవత ల్యాబ్ టెక్నీషియన్. ఆదిలాబాద్‌లో పని చేస్తున్నప్పుడు రాకేశ్ మోరే అనే పత్తి వ్యాపారిని ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. మోరేల కుటుంబం మరాఠీ ఆచారం వదలనిది. వాళ్ళ ఇంట్లో అడుగుపెట్టే కోడలికి ఇంటిపేరు ఒక్కటే కాదు, అసలు పేరే మారుతుంది. అట్లా నవత 'వైశాలి రాకేశ్ మోరే' అయింది. ఆధార్ కార్డు, జీతం ఖాతా, తన జీతంతో ఆదిలాబాద్‌లో కట్టుకున్న ఇంటి దస్తావేజు, అన్నీ ఆ పేరుతోనే తయారయ్యాయి. గత ఉగాదికి ముందు కోర్టు విడాకులిచ్చింది. ఆమె కరీంనగర్ వచ్చి తల్లితో అద్దెకు దిగింది. రాకేశ్, వాడి తల్లి మాత్రం ఆ ఇల్లు ఖాళీ చేయలేదు. ముందు నా పేరు నేను తెచ్చుకుంటా, తర్వాత ఇల్లు తెచ్చుకుంటా, అని తల్లికి చెప్పి, దీపావళి వెళ్ళిన వారానికి తన కాగితాలు అడిగి తేవడానికి నవత ఆదిలాబాద్ బస్సెక్కింది. మళ్ళీ ఇంటికి రాలేదు. కానీ ఆ వారంలోనే 'ఆమె' కరీంనగర్‌లో, ఈ గదిలో, ఈ కుర్చీలో కూర్చుని, విడాకుల కారణంగా వైశాలి అన్న పేరు విడిచి తన పుట్టింటి పేరైన మమతారాణిని తిరిగి స్వీకరిస్తున్నానని ప్రమాణం చేసి సంతకం పెట్టిపోయింది.

"మమతారాణి ఎవలు సారూ?" అన్నది కిష్టవ్వ. "నా బిడ్డకు నేను పెట్టుకున్న పేరు నవత. మా ఆయన బతికున్నప్పుడు పంతులు చెప్పిన అక్షరం కూడ కాదని కొట్లాడి పెట్టుకున్న."

హనుమండ్లు కళ్ళజోడు తీసి తుడిచాడు. "చూడుండ్రి మేడం, నేను రూల్ ప్రకారమే చేసిన. పాత పేరుకు రుజువు చూడాలె, చూసిన. కోర్టు డిక్రీ చూపెట్టింది. ఫోటో అతికించిన కాగితం తెచ్చింది. కొత్త పేరుకు రుజువు అడిగే అధికారం నాకెక్కడిది? ఎవరి పేరు వాళ్ళ ఇష్టం."

"ఫోటో నవతదే. నేనూ చూసిన. ఎదురుంగ కూసున్న మొఖం కూడా ఆమెదేనా?"

"మాస్కు పెట్టుకున్నది. దగ్గు అన్నది."

"మీరు తియ్యమనలేదు."

"దగ్గుతున్న మనిషిని..." ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

అంతలో గుమ్మం నిండింది. సంపత్ యూనిఫాంలో వచ్చి నిలబడ్డాడు. ఒకప్పుడు ఐలవ్వ చేతికింద సబ్ ఇన్‌స్పెక్టరుగా పని నేర్చినవాడు. నేర్పినవాళ్ళను తప్పుపట్టగలిగితేనే తాను ఎదిగినట్టని అతని నమ్మకం.

"మేడం రిటైరైన్రు గానీ, మా కేసులు మాత్రం మేడం దగ్గర రిటైరైతలేవు," అన్నాడు.

"నువ్వు మూసేసిన కేసులైతే తెరిచి చూడక తప్పుతలేదు. కూసో సంపత్. కుర్చీ లేదు, నిలబడు."

"ఇండ్ల తెరిచేదేమున్నది మేడం? నవత మేజర్. ఆదిలాబాద్ పోయింది. మనసు మార్చుకొని ఈడికొచ్చింది. మొగుడిచ్చిన పేరు వద్దు, తల్లిదండ్రులిచ్చిన పేరు వద్దు, నాకు నచ్చిన పేరు పెట్టుకుంట అన్నది. ఎటో పోయి బతుకుతున్నది. తల్లికి మెసేజ్‌లు కూడ పంపుతున్నది. 'నేను బాగున్న, వెతకకుండ్రి' అని. నా దగ్గర స్క్రీన్‌షాట్లున్నయి."

"నాకు సదువొస్తదా సారూ?" అన్నది కిష్టవ్వ.

సంపత్ అర్థం కానట్టు చూశాడు.

"నాకు అక్షరం ముక్క రాదు. నా బిడ్డకు తెల్వదా? ఎప్పుడు పంపినా నోటితోని మాట్లాడి పంపుతది. 'అవ్వా తిన్నవా, గోలీ ఏసుకున్నవా' అని. గా గీతలు నాకెందుకు పంపుతది? పక్కింటి పోరితోని సదివించుకున్న. నా బిడ్డ నన్ను 'అమ్మ' అని రాసిందట. నేనెప్పుడు దానికి అమ్మను? నేను అవ్వను."

హనుమండ్లు మెల్లగా ముద్రను డబ్బాలో పెట్టి మూత వేశాడు.

ఐలవ్వ లేచింది. "హనుమండ్లు గారూ, ఒక పని చేద్దాం. నేను మీ కుర్చీల కూసుంట. మీరు ఆమె కూసున్న కుర్చీల కూసోండ్రి. మీరు అడిగినవన్నీ నేను అడుగుత. ఆమె ఏం చేసిందో అది చేయుండ్రి. మీకు అనిపించింది కాదు, ఆమె చేసింది."

"నేను ఆడమనిషి లెక్క చేయాల్నా?" హనుమండ్లు ఇబ్బందిగా సంపత్ వైపు చూశాడు.

"కోర్టుల వాదించేటప్పుడు అంతకంటే ఎక్కువ నటిస్తరు. రండ్రి."

ఇద్దరూ స్థానాలు మారారు. ఐలవ్వ బల్లమీది కలం అందుకుంది.

"పేరు?"

"వైశాలి అని చెప్పింది."

"చెప్పింది వద్దు. మీరే ఆమె. పేరు?"

"వైశాలి."

"పూర్తి పేరు?"

హనుమండ్లు నోరు తెరిచి, ఏదో గుర్తుకొచ్చి మూశాడు. బల్లమీద లేని కార్డును రెండు వేళ్ళతో ఆమె ముందుకు జరిపినట్టు చూపించాడు. "ఆధార్ ముందటికి జరిపింది మేడం. నేను చూసి రాసుకున్న."

"నోటితోని చెప్పలే?"

"లేదు."

"పుట్టింటి పేరు?"

"మమతారాణి."

"ఆగి చెప్పిందా? ఆలోచించి చెప్పిందా?"

"లేదు లేదు, టక్కున చెప్పింది. ఆ ఒక్క ప్రశ్నకే గొంతు గట్టిగ వచ్చింది."

ఐలవ్వ కలం ఆపింది. సంపత్ గోడకు ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"విడాకులిచ్చిన భర్త పేరు?"

హనుమండ్లు బల్లమీది ఫైలు ఒకటి తీసి, ఐలవ్వ వైపు తిప్పి, ఒక వరుసమీద వేలు పెట్టాడు. వేలు పెడుతూనే, ఆయన ఎడమచేయి తనకు తెలియకుండానే పైకి లేచి, లేని కొంగును నెత్తిమీదికి లాగింది. చేయి అక్కడే ఆగిపోయింది. ఆయన దానిని తానే వింతగా చూసుకున్నాడు.

"ఇట్లనే చేసింది మేడం. నేను రెండోసారి అడిగిన. మళ్ళ వేలే చూపెట్టింది. వాని పేరు నోట పలకడానికి కూడ ఇష్టం లేదేమో, పాపం ఎంత బాధపడ్డదో అనుకున్న."

"అది అసహ్యం మేడం," అన్నాడు సంపత్ ఫోన్ నుంచి తలెత్తకుండానే. "విడాకులైనంక పేరెత్తుతరా?"

కిష్టవ్వ ఒక్కసారిగా నవ్వింది. ఇన్ని రోజుల ఏడుపు మధ్య ఆ నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలిసి ఉండదు.

"నా బిడ్డనా? పేరెత్తదా? రాకేశ్‌గాడు అననిది ముద్ద ముట్టకపోయేది సారూ! పొయ్యి అంటుకోకుంటే రాకేశ్‌గాడే, బస్సు రాకుంటే రాకేశ్‌గాడే. ఓనాడు దోమ కుడితే కూడ వాని పేరు పెట్టి తిట్టింది. నేనే అన్న, ఊకో బిడ్డా, నువ్వు తల్సుకున్నప్పుడల్లా వాడు గింతగనం తుమ్ముతుంటే ఆడ పత్తి ఎగిరిపోతది అని."

హనుమండ్లు నవ్వబోయి మానుకున్నాడు. ఐలవ్వ నవ్వలేదు. ఆమె చూపు, నోటరీ నెత్తిమీద ఇంకా ఆగి ఉన్న ఆ చేతి దగ్గరే నిలిచింది.

"కోపం ఉన్న ఆడది పేరు పెట్టి తిడుతది," అన్నది నెమ్మదిగా. "పేరు పలకకుండ, అడిగినప్పుడల్లా కొంగు నెత్తికి లాక్కునేది ఎవరు సంపత్? మీ నాయనమ్మ మీ తాత పేరు ఎన్నడన్న పలికిందా?"

సంపత్ ఫోన్ జేబులో పెట్టాడు.

"పేరు పలికితే మొగుని ఆయుష్షు తగ్గుతదని నమ్మే ఆడది ఆమె. పూర్తి పేరు అడిగితే కార్డు ఎందుకు జరిపింది? వైశాలి రాకేశ్ మోరే. ఆ పేరు నడుమల వాని పేరున్నది. తన పేరు తాను చెప్పుకోవాలన్నా వాని పేరు పలకాలె. పలకలేకపోయింది. ఈ కుర్చీల కూసున్నామెకు రాకేశ్ మోరే పాత మొగుడు కాదు. ఇప్పటి మొగుడు."

"వాడు మళ్ళ పెండ్లి చేసుకోలే మేడం. నేను కనుక్కున్న."

"ఎవరిని అడిగి కనుక్కున్నవ్?"

సంపత్ చూపు గుమ్మం వైపు మళ్ళింది. "రాకేశ్‌నే."

ఐలవ్వ కలానికి మూత పెట్టి అతని వైపు తిరిగింది.

"సరే. పెండ్లాం ఉన్నదే అనుకుందాం," అన్నాడు గొంతు పెంచి. "వేరే ఆడదాని పేరు మార్పిస్తే వానికి ఏమొస్తది?"

"ఇల్లు వస్తది." ఐలవ్వ లేచి, తన సంచి భుజానికి తగిలించుకుంది. "పెండ్లయితే ఆడది పేరు మార్చుకోవాలని ఈ దేశంల ఏ చట్టమూ చెప్పలేదు. మార్చుకుంటే పెండ్లి సర్టిఫికెట్ చూపాలె. విడాకులైనంక మళ్ళ మార్చుకుంటే కోర్టు డిక్రీ, నోటరీ ముందట ప్రమాణం, రెండు పత్రికల్ల ప్రకటన, సర్కారు గెజిట్. ఈ మెట్లన్నిట్ల పాత పేరు నీదేనా అని అడుగుతరు. కొత్త పేరు ఎక్కడిదని ఎవరూ అడగరు. అడగొద్దు కూడా, అది మన స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛల నుంచే వాడు దారి చేసుకున్నడు. రేపు గెజిట్ వస్తే, వైశాలి అంటే మమతారాణి అని సర్కారే చెప్తది. ఇల్లు వైశాలిది. కాబట్టి ఇల్లు మమతారాణిది. మమతారాణికి సొంత ఆధార్ ఉంటది, సొంత వేలిముద్ర ఉంటది, అంతా అసలుదే. దొంగ సంతకం ఒక్కటే, అది ఈ గదిల పడ్డది."

హనుమండ్లు మొహం పాలిపోయింది. "మేడం, నా లైసెన్సు..."

"ముందు ఒక మనిషి ప్రాణం. తర్వాత మీ లైసెన్సు."

"ఇదంతా ఒక కొంగు మీద కట్టిన కత," అన్నాడు సంపత్. "నేనూ వస్త ఆదిలాబాద్. ఆ ఇంట్ల పెండ్లాం లేదని తేలితే, మేడం ఇగ నా స్టేషన్ గడప తొక్కొద్దు."

"తొక్కను."

మర్నాడు ముగ్గురూ జీపులో ఆదిలాబాద్ బయలుదేరారు. నిర్మల్ దాటాక కిష్టవ్వ, ఎవరూ అడగకుండానే, కిటికీ వైపు తిరిగి చెప్పింది.

"పెండ్లినాడు పల్లెంల బియ్యం పోసి, బంగారు ఉంగురంతోని గా వైశాలి అన్న పేరు రాసిండు మా అల్లుడు. నేను అడిగిన, నా బిడ్డకు పేరు లేదా అని. మా దిక్కు గిట్లనే ఒదినె, అన్నది వియ్యపురాలు. తెల్లారి గా బియ్యమే వండి మాకు పెట్టిన్రు. తిన్న. ఏం జేస్త?"

మధ్యాహ్నం వేళ వాళ్ళు నవత కట్టుకున్న ఇంటి ముందు దిగారు. తలుపు తీసింది రాకేశ్ తల్లి గంగుబాయి. కచ్చపోసి కట్టిన చీర, నడుముకు తాళాల గుత్తి. యూనిఫాం చూసి ఆమె కళ్ళు చిన్నవయ్యాయి.

"కోణ్ పాహిజే? ఎవరు గావాలె?"

"ఒదినె, నా బిడ్డేది?" అన్నది కిష్టవ్వ.

"నీ బిడ్డ నాకేమెర్క? కోర్టు కాగితాలు అయినయ్. నాతం తుట్లం, సంబంధం తెగిపోయింది. మీ ఊరికి వచ్చినామె కత నన్నడుగుతరేంది?"

"ఇంట్ల ఎవరెవరుంటరు?" అని అడిగాడు సంపత్.

"నేను, నా కొడుకు. ఇంకెవ్వరు లేరు."

సంపత్ ఐలవ్వ వైపు తిరిగి కనుబొమ్మలెత్తాడు. ఐలవ్వ అతన్ని పట్టించుకోకుండా నేరుగా లోపలికి వెళ్ళి, కుర్చీలో కూర్చుని, ఎండకు గొంతెండిపోయిన ముసలమ్మలా దగ్గింది.

"జర మంచినీళ్ళు ఇప్పియ్యమ్మా."

పోలీసులు ఇంట్లో కూర్చున్న కంగారులో గంగుబాయి నోరు అలవాటు చొప్పున కదిలింది.

"వైశాలీ! పాణీ ఆణ్!"

కిష్టవ్వ కుర్చీలోంచి దిగ్గున లేచింది. ఆమె పెదవులు బిడ్డ పేరుకోసం తెరుచుకున్నాయి. వంటింటి పరదా తొలిగింది. రెండు స్టీలు గ్లాసులతో బయటికి వచ్చినామె వేరే మనిషి. ముప్పయ్యేళ్ళు ఉంటాయి, కళ్ళకింద నిద్రలేని నలుపు. కిష్టవ్వ లేచిన వేగంతోనే కుర్చీలో కూలబడింది. గంగుబాయి నాలుక కరుచుకుంది గానీ, పలికిన పేరును వెనక్కి లాక్కునే దారి లేకపోయింది.

"ఎవరూ లేరన్నవ్?" అన్నాడు సంపత్, గొంతులో మొదటిసారి నవ్వు లేకుండా.

"పనామె," అన్నది గంగుబాయి.

ఆ పనామె మెడలో నల్లపూసలు, పుస్తె ఉన్నాయి. వాటి పక్కన, ఐలవ్వ చూపు మళ్ళించలేకపోయిన వస్తువు ఒకటి ఉంది: ఆడబొమ్మ చెక్కిన చిన్న వెండి బిళ్ళ.

ఐలవ్వ గ్లాసు అందుకుంది. "ఇంటాయన లేడా బిడ్డా?"

"లేరమ్మా. ఏందో గెజిట్టట, నిన్న అచ్చిందట. రిజిస్టర్ ఆఫీసుకు పోయిన్రు. రేపు నన్ను కూడ రమ్మన్నరు."

"ఎవరు, ఆయన పేరేంది?"

ఆమె తల వంచింది. కొంగు నెత్తిమీదికి వచ్చింది. చేయి ఎత్తి, గోడమీది రాకేశ్ ఫోటోను చూపించింది.

సంపత్ ఆ చేతిని, ఆ కొంగును చూశాడు. నిన్న నోటరీ గదిలో ఒక మగవాడు చేసి చూపిన పనినే ఇవ్వాళ అసలు మనిషి చేస్తుంటే చూసి, అతను గ్లాసు కిందపెట్టేశాడు.

"నిన్ను వైశాలి అంటరా?" అని అడిగింది ఐలవ్వ.

"ఈడ గట్లనే అంటరమ్మా."

"మీ అవ్వ పెట్టిన పేరు?"

"మమతారాణి," అన్నది ఆమె. టక్కున, గట్టి గొంతుతో.

గంగుబాయి ఏదో మరాఠీలో గద్దించింది. ఐలవ్వ చేయెత్తి ఆపింది. "ఆమె చెప్పనీ. మమతారాణీ, గా బిళ్ళ ఎందుకు వేసుకున్నవ్?"

"ముందటామె సచ్చిపోయింది గదమ్మా. ఆమె పేరు మీద వేసుకుంటరు. లేకుంటే మీదికొస్తది అంటరు."

మొదటి భార్య పోతే, ఆమె కోపం తగలకుండా రెండో భార్య మెడలో కట్టుకునే సవతి బిళ్ళ అది. విడాకులు తీసుకున్నామె పేరున ఎవరూ కట్టరు. చచ్చిపోయినామె పేరునే కడతారు. ఆ సంగతి కిష్టవ్వకు ఎవరూ వివరించనక్కర లేదు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎప్పుడు కట్టిన్రు?" ఐలవ్వ గొంతు మారలేదు.

"పెండ్లినాడే. జ్యేష్ఠంల."

"కిష్టవ్వా, ఇటు చూడు. జ్యేష్ఠంల నీ బిడ్డ ఎక్కడున్నది?"

"నా తానే..." కిష్టవ్వ తడబడింది. "కరీంనగర్ల. పొద్దుగాల డ్యూటీకి పోయి సాయంత్రం వస్తుండె. మామిడికాయ తొక్కు పెట్టినం ఇద్దరం."

"అంటే నీ బిడ్డ బతికుండంగనే ఈమె మెడల బిళ్ళ పడ్డది. అది సావుకు రుజువు కాదు, అబద్ధానికి రుజువు. ధైర్యంగుండు."

మమతారాణి ఒకరి మొహం నుంచి ఒకరి మొహానికి చూపు తిప్పింది. "బతికున్నదా? విడిచిపెట్టినోనికి పిల్లనియ్యనని మా బాపు చెప్పిండు మొదలే. పెండ్లాం సచ్చిపోయిందని, దిక్కులేనోడని అంటేనే ఇచ్చిండు." ఆమె గోడమీది ఫోటో వైపు చూసింది. "నన్ను కరీంనగర్ తోల్కపోయి సంతకం పెట్టుమన్నరు. సచ్చినామె పేరు మీద ఇల్లున్నది, సర్కారు కాగితాల్ల నీ పేరెక్కాలె అన్నరు. నేను ఆమెను కాను గద అంటే, 'ఈ ఇంట్ల వైశాలి అంటే ఇప్పుడు నువ్వే' అన్నరు."

పేరు ఒక మనిషిది కాదు, ఆ ఇంట్లో ఒక కుర్చీది. ఒకామె లేస్తే ఇంకొకామెను కూర్చోబెడతారు. కుర్చీకి ఉన్న పేరే ఆమెకూ తగిలిస్తారు. చదువుకున్నవాడు, వ్యాపారం చేసేవాడు అయిన రాకేశ్, ఆ కుర్చీ కాళ్ళకింద ఇల్లు కనిపెట్టాడు. అంతే తేడా.

"ఆమె పేరు మీద ఇంకేం చేస్తున్నరు ఈ ఇంట్ల?" అని అడిగింది. ఎందుకు అడిగిందో ఆమెకు అప్పటికి స్పష్టంగా తెలియదు. ఒక అబద్ధానికి బిళ్ళ చేయించినవాళ్ళు బిళ్ళతో ఆగరని మాత్రం తెలుసు.

"గిన్నె పెడుతున్న. దీపావళి పోయినంక అత్తకు కలల కనబడి అన్నం అడిగిందట. అప్పటి సంది నేను తినకముందే ఆమె వంతు ఓ గిన్నెల పెట్టాలె. అత్త పట్కపోయి ఎనుకకు పత్తి షెడ్డు కాడ కాకులకు పెట్టొస్తది. నన్ను అటు దిక్కు రానియ్యది, పెండ్లాడి ఏడాది కాలేదు, సోకుతది అంటది."

"గిన్నె ఎట్ల తిరిగొస్తది?"

"ఖాళీగనే వస్తది. అడుగున కరేపాకు, పచ్చి మిరపకాయలు మాత్రం ఏరి ఓ అంచుకు పెట్టి ఉంటయ్."

మమతారాణి తాను చెప్పిన మాటను తానే మళ్ళీ విన్నట్టుంది. ఆమె చేయి మెల్లగా మెడలోని వెండి బిళ్ళను చుట్టుకుంది.

"కాకి..." అని ఆగిపోయింది.

"కాకి కరేపాకు ఏరి అంచుకు పెట్టది," అన్నది ఐలవ్వ. "ఇయ్యాల గిన్నె పెట్టినవా?"

"లేదమ్మా. నిన్న రాత్రి సంది పెట్టొద్దన్నది అత్త. ఇగ అక్కర లేదు, ఆమె రుణం తీరిపోయింది అన్నది."

ఐలవ్వకు మొత్తం ఒక్కసారిగా కనిపించింది. నవత వేలు తగిలితేనే తెరుచుకునే ఫోన్, ఆ ఫోనుకు వచ్చే ఓటీపీ సందేశాలు, తల్లికి పంపాల్సిన అబద్ధపు ఊరట. పేరు మార్పు ముగిసేదాకా వాళ్ళకు ఆ వేలు కావాలి. వేలికోసం మనిషి బతికి ఉండాలి. నిన్న గెజిట్ వచ్చింది. మమతారాణికి పుస్తె కట్టిన నాడే చచ్చిపోయిందని తానే చాటిన ఆడదానితో రాకేశ్ మోరేకు ఇక ఏ పనీ మిగల్లేదు.

ఆమె తిరిగి చూసేసరికి గంగుబాయి కూర్చున్న చోటు ఖాళీగా ఉంది. వెనుక తలుపు ఊగుతోంది.

నలుగురూ పెరట్లోకి పరుగెత్తారు. రేకుల షెడ్డు తలుపుకు వీపు ఆనించి గంగుబాయి నిలబడి ఉంది. చెవి దగ్గర ఫోన్, మరాఠీలో మాటలు గబగబా దొర్లుతున్నాయి. తలుపుకు రెండు తాళాలు. ఆమె నడుముకున్న గుత్తి ఇప్పుడు అక్కడ లేదు. పక్కనే ఉన్న బావిలో నీళ్ళమీది వలయాలు ఇంకా ఆగలేదు.

"తాళంచెవులు?" అన్నాడు సంపత్.

"లేవు. పత్తి బేళ్ళున్నయ్ లోపట. ఏముంటది?"

కిష్టవ్వ ఆమెను తోసుకుని తలుపుకు మొహం ఆనించింది.

"నవతా! బిడ్డా నవతా! నేను అవ్వను!"

ఏ చప్పుడూ లేదు. ఎండకు రేకులు చిటపటమన్నాయి. కిష్టవ్వ మళ్ళీ పిలిచింది. అప్పుడు లోపల, చాలా కిందుగా, నేల దగ్గరి నుంచి ఏదో తలుపును తాకింది. ఒక్కసారే. మళ్ళీ తాకలేదు.

"ఉందిర్ ఆహేత్, ఎలుకలు," అన్నది గంగుబాయి.

కట్టెల కుప్పమీది గొడ్డలిని ఐలవ్వ అందుకుని, పిడి సంపత్ వైపు తిప్పింది.

"ఇది నా హద్దు కాదు మేడం," అన్నాడు సంపత్. "వారంటు లేదు. ఇక్కడి స్టేషన్‌కు ఫోన్ చేస్త, పది నిమిషాల్ల వస్తరు. రేపు కోర్టుల ఇదే పట్టుకొని వాని లాయర్ కేసు మొత్తం కొట్టేపిస్తే? ఇల్లు పోతది, వాడు బయటపడ్తడు."

"లోపట ప్రాణం ఉన్నది. ప్రాణం పోతున్నదని నమ్మకం కలిగిన అధికారిని వారంటు కోసం ఆగుమని ఏ చట్టమూ అనదు. నేను పగలగొడితే దౌర్జన్యం అంటరు. నువ్వు పగలగొడితే డ్యూటీ. అందుకే పిడి నీ దిక్కు పెట్టిన."

మమతారాణి మెడలోని వెండి బిళ్ళను తెంపి నేలమీద పడేసింది. ఇంటి ముందు వైపు గేటు దగ్గర ఒక బండి వచ్చి ఆగింది. తలుపు తీసిన చప్పుడు, ఆ వెంటనే ఇంకో తలుపు తీసిన చప్పుడు. వచ్చింది ఒక్కడు కాదు.

సంపత్ గొడ్డలి పిడిని చూశాడు. గేటు వైపు చూశాడు. చేయి కదల్లేదు.

అతన్ని పక్కకు జరిపి ఆ స్థలంలో ఇది చదువుతున్న మీరు నిలబడండి. హద్దు మీది కాదు, చేతిలో కాగితం లేదు, అడుగుల చప్పుడు దగ్గరవుతోంది, తలుపు అవతల ఇంకో దెబ్బ కొట్టే ఓపిక నవతకు లేదు. పిడి మీ వైపే ఉంది. అందుకుంటారా, అందుకోరా? ఇప్పుడే చెప్పండి.